డాక్టరుగారి వ్యాసంలో తమ్ముడు

ఆ ప్రెస్సులో అక్షరాలు పేర్చేవాళ్లు ఆరుగురు. అందులో ఆడమనిషి ఒక్కర్తే. ఆమెకంటే వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కయ్య అనే పిలిచేవాళ్లు. ఎందుకంటే ఆమె ఎక్కడుంటే అక్కడ ఒక తమ్ముడుండేవాడు, వాడు రోజుకి వందసార్లు "అక్కా" అనేవాడు. ఆ పిలుపు విని విని అందరి నోటికీ అదే పట్టుకుంది. యజమాని కూడా మొదట్లో "ఏమమ్మాయ్" అన్నవాడు, ఏడాది తిరిగేసరికి ఆ వరసలోకే వచ్చేశాడు.

తమ్ముడు ఆమెకంటే తొమ్మిదేళ్లు చిన్న. వాడికి నడక ఆలస్యం, మాట ఇంకా ఆలస్యం. బడిలో వేస్తే పంతులుగారు రెండు వారాలు ఓపిక పట్టి, మూడో వారం తనే చెయ్యి పట్టుకుని ఇంటికి తీసుకొచ్చి దింపిపోయారు. తండ్రి వీళ్ల చిన్నప్పుడే పోయాడు. అక్కయ్యకి ఇరవై రెండేళ్లప్పుడు తల్లి కూడా పోయింది. పోయేముందు పెద్ద అప్పగింతలేమీ పెట్టలేదు. "వాడికి చొక్కా గుండీలు పెట్టుకోవడం రాదే, చూస్తూ ఉండు" అని మాత్రం అంది.

ఇంట్లో ఒక్కణ్ణీ వదిలితే వాడు కుళాయి తిప్పి, పడుతున్న నీళ్లని చూస్తూ కూర్చునేవాడు. రెండుసార్లు కింద వాటావాళ్ల గది కప్పులోంచి నీళ్లు కారాయి. మూడోసారి వాళ్లు మెట్లెక్కి వచ్చి మర్యాదగానే చెప్పారుగానీ, ఆ మర్యాదకి అక్కయ్య తల కొట్టేసినట్టయింది. మర్నాటి నుంచి వాణ్ణి వెంటబెట్టుకుని పనికి వెళ్లింది.

యజమాని ముక్కు మీద కోపం ఉన్న మనిషే. కాసేపు గొణిగి, కాగితం కట్టల పక్కన ఒక ముక్కాలి పీట వేయించాడు. నాలుగు నెలలు తమ్ముడు ఆ పీట మీద కూర్చుని చూశాడు. ఐదో నెలలో ఒకరోజు లేచి, అచ్చయిపోయిన ఫారం దగ్గరికెళ్లి, ఆ చట్రంలో బిగించిన టైపు, అంటే సీసపు అక్షరాలు, ఒక్కొక్కటే తీసి గడుల కేసులో దేని గడిలో దాన్ని వేయడం మొదలుపెట్టాడు.

ప్రెస్సులో అందరికీ విసుగు పుట్టించే పని అది. అచ్చు పూర్తయ్యాక ప్రతి అక్షరమూ, ప్రతి ఒత్తూ, ప్రతి చుక్కా తిరిగి తన గడికి చేరాలి. ఒక్కటి పక్క గడిలో పడిందా, రేపు ఎవరి ఆహ్వానపత్రంలోనో "కల" కాస్తా "కళ" అయి కూర్చుంటుంది. మన భాష కేసంటే మామూలు కేసు కాదు, గోడ పొడవునా వందల గడులు. చెయ్యి తిరిగిన కంపోజిటర్ కూడా అప్పుడప్పుడూ తడుముకుంటాడు. తమ్ముడు తడుముకోలేదు. ఒక్కటీ తప్పు వేయలేదు. నెల తిరగకుండా యజమాని వాడి పేరు పనివాళ్ల జాబితాలో రాయించాడు. అక్కయ్యకి ఆ సంగతి చెప్పలేదు, జాబితా గోడకి అంటించి ఊరుకున్నాడు. ఆమె అది చూసుకుని, పనిలో పడ్డట్టు తల వంచుకుని చాలాసేపు కళ్లు తుడుచుకుంది.

ఆ ప్రెస్సులో ఏటా చివర క్యాలెండర్లు వేసేవాళ్లు. అలా పదకొండేళ్లు ఆ అంకెలన్నీ తమ్ముడి చేతిమీదుగానే వెళ్లాయి. పన్నెండో ఏడు, సెప్టెంబరు పేజీ ప్రూఫు బల్ల మీద ఆరుతుంటే వాడు దాని ముందు నిలబడి ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టాడు. ఏమైందిరా అని అక్కయ్య అడిగితే, "ఒకటో తేదీ మంగళవారం కాదు. సోమవారం" అన్నాడు. యజమాని పంచాంగం తెప్పించి చూస్తే నిజమే. అప్పటికి ఇంకో నాలుగు నిమిషాల్లో మిషనెక్కాల్సిన పేజీ అది. నీకెలా తెలుసు అని ఆయన అడిగితే, తమ్ముడు ఆ ప్రశ్నే అర్థంకానట్టు ఆయన మొహం కేసి చూశాడు. సరదాకి ఒకాయన తను పుట్టిన తేదీ చెప్పాడు. "గురువారం." పెళ్లి తేదీ చెప్పాడు. "ఆదివారం." మొదటిది సరే, పెళ్లి సోమవారం కదా అని ఆయన వాదించాడుగానీ, ఆ తేదీ తనకే ఒకరోజు తప్పు గుర్తున్నట్టు భార్య చెబితే తెలిసిందని ఆయన మర్నాడొచ్చి ఒప్పుకున్నాడు.

ఆ రోజు నుంచి తమ్ముడి పేరు క్యాలెండర్. మధ్యాహ్నం భోజనాలవేళ తేదీలడగడం అందరికీ ఆటైపోయింది. వాడికీ అది ఇష్టమే. వాడు నవ్వేది ఆ కాసేపే.

పెద్దాసుపత్రిలో మనసు జబ్బులు చూసే డాక్టరుగారు ఆ ఆట చూసింది అలాంటి మధ్యాహ్నమే. ఆసుపత్రి వార్షిక నివేదిక ప్రూఫు దిద్దడానికి వచ్చినాయన, కాగితాలు చంకలో పెట్టుకుని అరగంట గుమ్మంలోనే నిలబడిపోయారు. సన్నటి మనిషి, మాట మెల్లన, కోటు జేబుకి ఎప్పుడూ సిరా మరక. ఆయన ముందు యజమానిని అడిగారు. యజమాని అక్కయ్యని చూపించాడు.

బయట దేశాల్లో ఇలాంటివాళ్లని గురించి డాక్టర్లు రాయడం మొదలుపెట్టారని ఆయన ఆమెకి వివరంగా చెప్పారు. తన పేరు రాయడం రానివాడు ఒకసారి విన్న పాట మొత్తం పియానో మీద వాయిస్తాడట. బూట్ల తాడు కట్టుకోలేని ఇంకొకడు చూసిన ఓడని చూసినట్టు చెక్కలో చెక్కుతాడట. ఎందుకలా అన్నది ఇంకా ఎవరూ తేల్చలేదు. వట్టి జ్ఞాపకశక్తి అని కొందరు, మెదడులో ఒక తలుపు మూసుకుంటే ఇంకోటి తెరుచుకుంటుందని కొందరు. తనకైతే ఏదీ తెలియదని, తెలుసుకోవాలని ఉందని అన్నారు.

తెలియదని చెప్పే డాక్టర్ని అక్కయ్య చూడటం అదే మొదటిసారి. అందుకే ఒప్పుకుంది. రెండే షరతులు పెట్టింది. గదిలో తను ఉండాలి. తమ్ముడు చాలంటే చాలు.

అలా ఆ శీతాకాలమంతా బుధవారం మధ్యాహ్నాలు ఇద్దరూ ఆసుపత్రికి వెళ్లారు. వరండా చివర గది. పొడుగు బల్ల, రెండు కుర్చీలు, కిటికీ దగ్గర ఒక బెంచీ. అద్దాల బీరువాలో మెదడు భాగాలకి గీతలు గీసి ఉన్న సున్నపు తలకాయ బొమ్మ ఒకటి ఉండేది. తమ్ముడికి అది నచ్చలేదు. దాన్ని గోడవైపు తిప్పితేగానీ కూర్చోలేదు. డాక్టరుగారు చేతిలో స్టాప్‌వాచీ పట్టుకుని తేదీ చెప్పేవారు, వాడు వారం చెప్పేవాడు, ఆయన ఎన్ని క్షణాలు పట్టిందో రాసుకునేవారు. మధ్యలో ఇరవైలోంచి ఎనిమిది తీసేస్తే ఎంత అని అడిగితే వాడికి రాలేదు. వేళ్లు చూసుకుని, అక్కయ్య కేసి చూశాడు.

ఎలా చెబుతున్నావని ఆయన నాలుగైదు రకాలుగా అడిగారు. ఒకే ఒక్కసారి వాడు జవాబిచ్చాడు. ఒక ఏడాది గురించి అడుగుతుంటే, ఆ ఏడూ ఇరవై ఎనిమిదేళ్ల కిందటి ఏడూ అన్నదమ్ములన్నాడు. డాక్టరుగారు కలం ఆపి, క్యాలెండర్ల పట్టిక తీసి చూశారు. తర్వాత అక్కయ్యకి అర్థమయ్యేలా చెప్పారు. ఎన్ని వందల ఏళ్లు తీసుకున్నా, క్యాలెండర్లు పద్నాలుగు రకాలే ఉంటాయి. మిగతావన్నీ వాటికి నకళ్లే. ఈ సంగతి మీ తమ్ముడికి ఎవరూ చెప్పలేదు, అంకెలు సర్దుతూ సర్దుతూ వాడే పట్టుకున్నాడు అన్నారు.

ఏడో బుధవారం ఆయన బాగా పాత తేదీలు అడిగారు. అక్కడ తమ్ముడు తప్పాడు. ఒకటి కాదు, వరసగా పద్దెనిమిది. ఇంక చాలందామని బెంచీ మీంచి అక్కయ్య లేవబోయింది. తీరా చూస్తే డాక్టరుగారి మొహం వెలిగిపోతోంది. తప్పులన్నీ 1900 మార్చి కంటే ముందువి, అన్నీ సరిగ్గా ఒక్కరోజు వెనక. నాలుగేళ్లకోసారి ఫిబ్రవరికి ఇరవై తొమ్మిదో రోజు వస్తుందికదా, 1900లో మాత్రం రాలేదు, శతాబ్దం చివరి ఏళ్లలో చాలావాటికి ఆ రోజు తీసేస్తారు అని ఆయన ఆమెకి చెబుతున్నారు. అంటే తమ్ముడు బట్టీపట్టింది కాదు, ఒక పద్ధతి పెట్టుకుని వెనక్కి నడిచాడు, గొయ్యి ఉందని తెలియక అందులో కాలు వేశాడు. ఒప్పులకంటే ఈ తప్పులే నాకు ఎక్కువ చెప్పాయమ్మా అన్నారాయన.

తమ్ముడు వింటున్నాడని ఇద్దరూ మరిచిపోయారు.

"ఆ రోజు లేదా?" అన్నాడు వాడు.

"లేదు."

"ఎవరు తీసేశారు?"

ఎప్పుడో పెద్దవాళ్లు కూర్చుని, లెక్క కుదరడం కోసం తీసేశారని డాక్టరుగారు చెప్పారు. తమ్ముడు లేచి తలుపు దగ్గరికెళ్లి నిలబడ్డాడు. ఆ రోజుకి చాలని దానర్థం.

తర్వాత మూడు రోజులు వాడు సరిగా అన్నం ముట్టలేదు. పనికి వచ్చాడుగానీ కేసు ముందు నిలబడి, చేతిలో అక్షరం పట్టుకుని అలాగే ఉండిపోయేవాడు. లేనిపోని పరీక్షలకి ఒప్పుకుని చెట్టంత మనిషిని చెడగొట్టేశానా అని అక్కయ్య తనని తాను తిట్టుకుంది. నాలుగోరోజు పొద్దున్న ఆమె గుండీలు పెడుతుంటే వాడు చెప్పాడు.

"అక్కా, ఆ పాత ఏళ్లవాళ్లందరూ ఒక్కోరోజు ముందుకి జరిగారు. సర్దేశాను."

ఆ పూట రెండుసార్లు అడిగి పెట్టించుకుని తిన్నాడు. బుధవారం డాక్టరుగారు ఆ పద్దెనిమిది తేదీలూ, వాటితోపాటు ఇంకో నలభై అడిగారు. ఒక్కటీ తప్పలేదు. ఆయన గడియారం బల్ల మీద పెట్టి, లేచి, కరచాలనానికి వాడివైపు చెయ్యి చాపారు. వాడికి అలవాటు లేదు. ఆ చెయ్యి పట్టుకుని వదలడం మరిచిపోయి, వరండా అంతా అలాగే నడిచాడు.

వేసవి మొదట్లో వ్యాసం వచ్చింది. వైద్యసంఘంవాళ్ల పత్రిక అచ్చయ్యేది ఆ ప్రెస్సులోనే. యజమాని ఆ రాతప్రతి తెచ్చి, మీవాడి గురించేనట, నువ్వు అక్షరాలు కడితేనే అందం అని అక్కయ్య బల్ల మీద పెట్టాడు. ఆయన చదవలేదు. ఆమె చేతులు కడుక్కుని వచ్చి మొదలుపెట్టింది.

మొదటి పేజీ సాఫీగా పోయింది. రెండో పేజీలో ఒక మాట దగ్గర చెయ్యి ఆగింది. మూఢ పండితుడు. ఇలాంటివాళ్లకి శాస్త్రంలో ఉన్న పేరు అది అని డాక్టరుగారు రాశారు. అక్కడి నుంచి తమ్ముడు ఇంక తమ్ముడు కాదు, పనివాడు కాదు, మనిషని కూడా లేదు. ఈ మూఢ పండితుడు కుర్చీలో కూర్చొనును. ఈ మూఢ పండితుడు ఇట్లు బదులిచ్చెను. ప్రతి పేజీలోనూ అదే.

వీధిలో ఇంతకంటే మోటు మాటలు ఆమె చాలా విన్నది. నోటి మాట గాలికి పోతుంది. అచ్చులో పడ్డది ఎక్కడికీ పోదు, బీరువాల్లో కూర్చుని మనకంటే ఎక్కువకాలం బతుకుతుంది. ఆ సంగతి ఆమెకి తెలిసినంత ఎవరికి తెలుసు. అలాగని రాతప్రతిలో వేలు పెట్టే మనిషి కాదామె. పద్దెనిమిదేళ్ల పనిలో రాసినవాళ్ల అక్షరం ఒక్కటి మార్చలేదు. కాగితం మీద ఏముంటే అది కట్టడమే ఆమె గొప్ప. కాబట్టి పళ్లు బిగబట్టి అలాగే కట్టుకుంటూ పోయింది.

నాలుగో పేజీ మధ్యలో ఢ గడి ఖాళీ అయింది. ఆ అక్షరంతో ఎవరికి మాత్రం ఎంత పని? ఏ గాఢానికో, ఏ దృఢానికో తప్ప దాని మొహం చూసేవాళ్లు లేరు. టైపు పోతపోసేవాళ్లు కూడా గుప్పెడే పంపుతారు. తమ్ముడు వచ్చి ఆ ఖాళీ గడిలో వేలు పెట్టి చూశాడు. ప్రెస్సులో పంతొమ్మిది ఢలే ఉన్నాయని, పంతొమ్మిదీ ఆమె దగ్గరే ఉన్నాయని చెప్పాడు. ఇదేం పుస్తకమని అడిగాడు.

"నీ గురించేరా. డాక్టరుగారు రాశారు."

వాడు కట్టిన పేజీల మీద వంగి చూశాడు. వాడికి చదవడం రాదు, అక్షరాల రూపాలు మాత్రం తిరగేసి ఉన్నా తెలుస్తాయి.

"నాలో ఇన్ని ఢలున్నాయా అక్కా?"

అక్కయ్య అక్షరాలు పేర్చే స్టిక్కు బల్ల మీద పెట్టేసింది. అంతవరకూ కట్టినదానికి ప్రూఫు తీయించి, యజమానికి ఒక్క మాట చెప్పి, చేతుల సిరా అయినా కడుక్కోకుండా ఆసుపత్రికి నడిచింది.

డాక్టరుగారు ఒక్కరే ఉన్నారు. కుర్చీ చూపించారు, ఆమె కూర్చోలేదు. ఢలు చాలడం లేదండీ అని మొదలుపెట్టింది. ఆయన పాపం, ఊరిలో ఇంకో ప్రెస్సు నుంచి తెప్పించుకోవచ్చు కదా అన్నారు. ఆ సాకు అక్కడే వదిలేసి, ఆమె ప్రూఫు బల్ల మీద పరిచింది. ఆ మాట ఉన్నచోటల్లా పెన్సిలుతో గీత గీసి ఉంది.

ఆయన ఆ గీతలు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయారు. ఇది నేను పెట్టిన పేరు కాదమ్మా అన్నారు. ముందెప్పుడో ఎవరో పెట్టారు, అందరూ అదే వాడుతున్నారు, నాకూ నచ్చిన పేరు కాదు, కానీ ఆ పేరు లేకపోతే రేపు ఇంకో ఊళ్లో ఇంకో డాక్టరు ఇలాంటివాళ్ల కోసం వెతుకుతుంటే ఈ వ్యాసం వాడి కంటపడదు. మీ తమ్ముడు చేసిందంతా వృథా అవుతుంది.

అక్కయ్యకి ఆ మాటలో న్యాయం కనపడింది. కనపడ్డందుకు ఇంకా బాధేసింది.

"వెతుక్కునేవాళ్ల కోసం ఒకసారి వేయండి. వాళ్లకి దారి చూపించడానికి ఒక్కసారి చాలు కదండీ. తర్వాత మీ గదిలో కూర్చుని జవాబులు చెప్పింది ఆ పేరు కాదు, వాడు. వాడికో పని ఉంది. మా ప్రెస్సులో పన్నెండేళ్లుగా టైపు సర్దుతున్నాడు, ఒక్కటి తప్పు వేయలేదు. అది రాయండి."

ఆమె జీవితంలో ఒక చదువుకున్న మనిషికి అంత పొడుగు మాట చెప్పింది అదే మొదటిసారి. చెప్పేసి, అప్పుడు కూర్చుంది.

డాక్టరుగారు కలం తీసుకున్నారు. మొదటి చోట ఉంచారు. రెండో చోట కొట్టేసి పైన రాశారు, టైపు సర్దే పనివాడు. మూడో చోట కూడా. అలా ప్రూఫంతా, తర్వాత మిగిలిన రాతప్రతంతా, ముప్పై చోట్లా తనే దిద్దారు. మధ్యలో ఒకచోట ఆగి, తనలో తను అనుకున్నట్టుగా, ఇలా ఉంటే చదవడానికి వేరేగా ఉంది అన్నారు.

కొత్త మాట పొడుగు. ఒక లైను కదిలిస్తే కింద పది లైన్లు కదిలాయి. పదకొండు పేజీలనుకున్నది పన్నెండయింది. అక్కయ్య మూడు రోజులు కూర్చుని మొత్తం మళ్లీ కట్టింది. పీకేసిన ఢలు తమ్ముడు పట్టుకెళ్లి గడిలో వేసుకున్నాడు. యజమాని వచ్చి గొణగబోయి, ప్రూఫు చదివి, గొణక్కుండా వెళ్లిపోయాడు.

ఆ వ్యాసం గురించి దూరదూరాల నుంచి డాక్టరుగారికి ఉత్తరాలొచ్చాయి. తమ తమ వార్డుల్లో ఉన్నవాళ్ల గురించి రాశారు కొందరు. ఒకాయన మాత్రం మీ పనివాణ్ణి మా సభకి తీసుకొస్తారా, వేదిక మీద అందరికీ చూపిద్దాం అని అడిగారు. డాక్టరుగారు ఆ ఉత్తరం పట్టుకుని ప్రెస్సుకొచ్చి, అక్కయ్యని కాకుండా తమ్ముణ్ణే అడిగారు. ఏ రోజు అన్నాడు వాడు. ఫలానా తేదీ అంటే, అది గురువారం, గురువారం వారపత్రిక ఫారాలు విడదీయాలి, కుదరదన్నాడు. ఆ మాటే ఆయన జవాబుగా రాసి పంపారు.

పదేళ్ల తర్వాత లైను మొత్తం ఒకేసారి పోతపోసే మిషను వచ్చింది. అక్షరాలు పేర్చే పనీ పోయింది, సర్దే పనీ పోయింది. అక్కయ్య ప్రూఫులు దిద్దడానికి మారింది. తమ్ముడికి యజమాని కాగితాలు మడతపెట్టే పని ఇచ్చాడుగానీ వాడికి అది అంటలేదు. మడతలో సర్దడానికేముంది? చివరికి పాత కేసు ఒకటి ఇంటికి తెచ్చుకున్నాడు. పొద్దున్న అంతా కుమ్మరించడం, సాయంత్రానికి సర్దడం. ఆదివారాలు ఇద్దరూ ట్రాము చివరిదాకా వెళ్లి అదే ట్రాములో తిరిగొచ్చేవాళ్లు.

యాభై రెండో ఏట వాడికి ఊపిరితిత్తులకి నీరు పట్టింది. అప్పటికి ఆసుపత్రికి ఆ డాక్టరుగారే పెద్ద. జుట్టు తెల్లబడింది, కోటుకి సిరా మరక అలాగే ఉంది. రోజూ వచ్చి మంచం పక్కన కూర్చునేవారు. నోట్‌బుక్కు తెచ్చుకోలేదు. ఊరికే ఏవో తేదీలు అడిగేవారు, వాడు కళ్లు మూసుకుని చెప్పేవాడు. తొమ్మిదోరోజు మధ్యాహ్నం, అక్కయ్య మొహం తుడుస్తుండగా పోయాడు. బాధపడలేదు.

సాయంత్రం డాక్టరుగారు ఆమెని తన గదికి పిలిచారు. బల్ల మీద ఆమె సంతకం కోసం ఒక కాగితం ఉంది. దాన్ని ఆమె వైపు జరపకుండా చేతికిందే పెట్టుకున్నారు. అడగడానికి నోరు రావడం లేదు, అడక్కపోతే నా పనికి ద్రోహం చేసినవాణ్ణవుతాను అన్నారు. అలాంటివాళ్ల మెదడు ఎలా ఉంటుందో ఇంతవరకూ సరిగా చూసినవాళ్లు లేరు. మీరు సరేనంటే తెరిచి చూస్తాను, వద్దంటే వద్దు.

అక్కయ్యకి కోపం రాలేదు. వస్తుందేమోనని కాసేపు చూసింది. ఈయన ఇన్నేళ్లూ వాడి దగ్గర ఏదీ దాచి అడగలేదు, ఇప్పుడూ దాచలేదు.

"వాడు ఉండగా మీరు అడిగినవన్నీ చెప్పాడు కదండీ డాక్టరుగారూ. ఇష్టమయ్యే చెప్పాడు. చాలు."

ఆయన తలూపి ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. మళ్లీ ఆ ప్రసక్తి తేలేదు. ఆమెతోపాటు లేచి, వార్డు దాకా వచ్చి, తమ్ముడికి ఇంటినుంచి తెచ్చిన శుభ్రమైన చొక్కా తొడగడానికి ఒక చెయ్యి వేశారు. గుండీలు ఆమె పెట్టింది.